సాయిప్రసాద్ డాట్ నీలవ్వ

పసుపు ఉడకబెట్టే కాలం మొదలైన వారంలోనే మా షాపులో మెయిల్ చచ్చిపోయింది.

పొద్దున షట్టర్ ఎత్తి, కంప్యూటర్ ముందు అగరుబత్తి తిప్పి, మెయిల్ తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది. మళ్లీ తెరిచాను. మళ్లీ అదే తెలుపు. హైదరాబాద్‌లో మా మెయిల్ చూసుకునే చిన్న కంపెనీకి ఫోన్ చేశాను. ఆ నంబరు వాడుకలో లేదంది. సాయంత్రానికి తెలిసిందేమంటే, ఆ కంపెనీయే వాడుకలో లేదు.

ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదుట ఉన్న ఒక నెట్ సెంటర్‌కు మెయిల్ ఆగిపోతే కొంపలేమీ మునగవని మీరు అనుకోవచ్చు. మునుగుతాయి. మాక్లూర్ నుంచి, నవీపేట్ నుంచి, భీమ్‌గల్ గుట్టల కింద నుంచి వచ్చే జనానికి సొంత మెయిల్ ఉండదు. స్కాలర్‌షిప్ కాగితమైనా, పాస్‌పోర్టు అయినా, పంట బీమా అయినా, మెయిల్ రాయాల్సిన గడి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: "సంధ్యక్క షాపుది రాయి." షాపుకు నెట్‌లో సొంత పేరుంది. ఆ పేరుకు ముందు ఎవరి పేరు తగిలించినా ఆ మెయిల్ వచ్చి నా దగ్గరే పడేది. నేను ప్రింటు తీసి, వచ్చిన మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చదివి వినిపించేదాన్ని. మంచైనా చెడ్డైనా ఉన్నదున్నట్టు చదవడమే నా పద్ధతి. ఒక మాట కలిపేది లేదు, ఒక మాట మింగేది లేదు.

ఆ ఏడు అందరి కంటే ఎక్కువగా ఆ మెయిల్ కోసం చూస్తున్నది నేనే.

మా ఆయన సాయిప్రసాద్ గల్ఫ్‌లో ఉన్నాడు. అతను పనిచేసే కంపెనీ మూతపడింది. మనుషుల్ని ఊరికి దూరంగా ఒక క్యాంపులో వదిలేసి యజమాని మాయమయ్యాడు. ఇంటికి పోవడానికి అనుమతి ఇవ్వమని సాయిప్రసాద్ అక్కడి లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ జవాబు కాగితం చేతిలో ఉంటేనే విమానం ఎక్కనిస్తారు. జవాబు మెయిల్‌లోనే వస్తుంది. మెయిల్ ఎక్కడిది ఇచ్చావంటే, "ఇంకెక్కడిది, నీ షాపుదే ఇచ్చిన" అన్నాడు.

అదీ సంగతి. ఆ తెల్లటి పేజీ వెనకాల ఎక్కడో మా ఆయన ఇరుక్కుపోయి ఉన్నాడు.

*

"కాగితం వచ్చిందా బిడ్డా?"

మా అత్తమ్మ నీలవ్వ పొద్దునా సాయంత్రం అడిగే ప్రశ్న అదొక్కటే. అప్పటికి పసుపు తవ్వకం అయిపోయింది. కొమ్ములు ఉడకబెట్టే బాయిలర్ కోసం మా వంతు ఎప్పుడొస్తుందా అని కల్లం దగ్గరే కాపలా ఉండేది. నేను తెల్లారగానే కల్లానికి పోయి, తవ్వి పోసిన కొమ్ములకు మన్ను దులిపి, స్నానం చేసి షాపు తెరిచేదాన్ని. ఎంత రుద్దినా చేతుల పసుపు పోయేది కాదు. కీబోర్డు మీద అక్షరాలు కూడా పచ్చబడ్డాయి.

"రాలేదత్తమ్మా. మెయిలే పని చేస్తలేదు."

"పని చేస్తలేదంటే ఏంది? ఖరాబైందా?"

"నడిపేటోడే పోయిండు."

"పోతే పోయిండు. బాయిలరోడు రాకుంటె మనం కడాయిల ఉడకబెట్టుకోలేదా? నువ్వే నడుపు."

ఆమె కడాయి అన్నంత తేలిగ్గా అంది. అదేమిటో నాకూ తెలియదు కాబట్టి నేనూ తేలిగ్గానే తలూపాను.

*

నాకు తెలిసిన వాళ్లలో ఆ విద్య తెలిసినవాడు సుకుమార్ ఒక్కడే. మా చర్చి వీధి పిల్లాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో కంపెనీ కంప్యూటర్ మిషన్లను రాత్రంతా కాపలా కాసే ఉద్యోగం. పొద్దున డ్యూటీ దిగి, పడుకునే ముందు ఫోన్ ఎత్తుతాడు. అందుకని నా చదువంతా అతని ఆవలింతల మధ్యనే సాగింది.

"అక్కా, తయారుగ దొరికేటివి మస్తున్నయి. పైసలు కట్టి తీస్కో, ఈ తలనొప్పి నీకెందుకు?"

"పేరుకింత అని అడుగుతున్నరు సుకుమార్. నా దగ్గర మూడు మండలాల పేర్లున్నయి."

"అబ్బో. అయితే నువ్వు పోస్టాఫీసే పెట్టాలె." ఆవలించాడు. "సరే విను. మెయిలంటే ఏం లేదు. తపాలోడు వస్తడు. వానికి ఇల్లు యాడున్నదో తెల్వాలె. ఇంట్ల మనిషుండాలె. తలుపు తెర్చుండాలె. గీ మూడు కుదిరినయనుకో, జాబు నీ చేతుల పడ్తది."

"గింతేనా?"

"గింతే. జనాలు దీనికే ఉద్యోగాలు ఇడిసి పెట్టిపోతున్నరు."

మొదట షాపు కంప్యూటర్‌తోనే మొదలుపెట్టాను. మెయిల్ అందుకునే ప్రోగ్రాం ఎక్కించాను. అది ఎక్కడానికే ఒక పూట పట్టింది. ఆ పూట మధ్యలో నాలుగు సార్లు కరెంటు పోయింది. అంతా అయ్యాక సుకుమార్ అక్కడి నుంచి ఒక మెయిల్ పంపాడు. రాలేదు. ఇంకోటి పంపాడు. రాలేదు.

"నీకు ఇంటర్నెట్ ఇచ్చేటోళ్లు గా తలుపుకు బయటి నుంచి తాళమేసిండ్రక్కా. నువ్వు లోపల కూసొని ఎంత పిలిచినా ఎవ్వడు రాడు. పైంగ నీ అడ్రసు రోజుకోటి మారుతది. వేరే మిషన్ కిరాయికి తీస్కోవాలె."

"గిది ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు మొదలుపెడుదువా?"

కోపమొచ్చింది కానీ కోపానికి కూడా ఓపిక కావాలి. ఫోన్ పెట్టేసి, బయట వరుసలో నిల్చున్న వాళ్ల ఆధార్ జిరాక్సులు తీయడం మొదలుపెట్టాను.

*

మరుసటి వారం లేబర్ ఆఫీసు సైటులో మాట మారింది.

సాయిప్రసాద్ తన దరఖాస్తు నంబరున్న చీటీని ఫోటో తీసి నాకెప్పుడో పంపాడు. రోజూ ఆ నంబరు కొట్టి చూసేదాన్ని. రోజూ 'పరిశీలనలో ఉంది' అనే ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం 'జవాబు మెయిల్‌లో పంపబడింది' అని ఉంది.

పంపేశారు. ఎక్కడికి పంపారు? మూతపడ్డ కంపెనీ గుమ్మానికి.

సుకుమార్ నిద్రపోతుంటే లేపాను.

"పరేషాన్ గాకక్కా. మెయిల్ తీస్కునేటోడు దొర్కకుంటె, పంపిన మిషన్ ఊకోదు. మళ్ల మళ్ల వచ్చి కొడ్తది. నాలుగైదు రోజులు చూస్తది. గాలోపు తలుపు తెరిస్తే జాబు అందుతది."

"తెరవకుంటె?"

"వాపస్ పోతది. ఇగ రాదు."

అప్పటికప్పుడు ఎక్కడో ఉన్న ఒక చిన్న మిషన్ కిరాయికి తీసుకున్నాం. అది ఏ ఊర్లో ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే దాని ముఖం. సుకుమార్ చెబుతుంటే నేను కొట్టేదాన్ని. ఒక చుక్క తప్పితే మొదటికొచ్చేది. షాపులో జనం, చెవిలో ఫోను, తలలో ఎండ.

తర్వాత ఇల్లెక్కడో లోకానికి చెప్పాలి. షాపు పేరు మాత్రం నా చేతిలోనే ఉంది కాబట్టి, దాని పక్కన 'మెయిల్ ఇక్కడికి రావాలి' అని ఆ మిషన్ నంబరు రాశాను. మా యార్డులో పసుపు కుప్పకు నంబరే పేరు. నంబరు చెబితే ఏ కుప్పో హమాలీలకు ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడా అంతేననుకున్నాను. ఒక రోజంతా ఎదురుచూశాను. ఒక్క మెయిల్ రాలేదు.

"ఏం రాసినవ్, చదువు," అన్నాడు సుకుమార్.

చదివాను. అవతల నవ్వాడు.

"నంబర్ కాదక్కా, గక్కడ పేరే రాయాలె. గా పేరుకు నంబర్ ఏందో ఇంకో జాగల రాయాలె."

"ఎందుకు?"

"గది గంతే. నన్నడుగకు. నేను పుట్టకముందు పెట్టిన రూలది."

మార్చాను. మార్చిన సంగతి లోకమంతా పాకడానికి పూట పడుతుందన్నాడు. రోజులు కరిగిపోతున్నాయి. తపాలావాడు ఎక్కడో ఒక పాడుబడ్డ తలుపు కొట్టి కొట్టి విసిగిపోతున్నట్టే నాకు అనిపించేది. కల్లంలో కొమ్ములు దులుపుతున్నా అదే చప్పుడు.

ఆ సాయంత్రం సాయిప్రసాద్ ఫోన్ చేశాడు. క్యాంపులో ఎవరిదో ఫోను, ఎప్పుడూ రెండు నిమిషాలే.

"జవాబు పంపిండ్రంట. మన మెయిలే ఇంక లేవలేదు. రేపటికి లేస్తది," అన్నాను ఆయాసంగా.

అవతల ఫోను గలాయనకు 'ఇస్తున్న, ఆగు' అని చెప్పాడు.

"గా మెయిల్ కోసం గంత తకలీఫ్ ఎందుకు సంధ్యా? రానీ తియ్యి. ఎప్పుడన్న వస్తది."

"ఎప్పుడన్నంటె? నాలుగైదు రోజులే చూస్తదంట. నువ్వే ఆఫీసుకు పోయి కాగితం తెచ్చుకోరాదు?"

"పోనీకి బస్సు లేదు. దూరం."

"నడిచిపోయే దూరమైనా కాదా?"

"అమ్మ ఎట్లున్నది? పసుపు ఉడికిందా?"

నేను అలసిపోయి ఉన్నాను. అతను నాకంటే అలసిపోయి ఉంటాడనుకున్నాను. ఎండలో, ఆ రేకుల గదుల్లో, జీతం లేకుండా. అందుకే ఆ మాటలు నాకు వేరేగా వినిపించలేదు.

*

ఇల్లు చెప్పాం, మనిషిని పెట్టి, ఎవరెవరి పేర్ల మీద జాబు తీసుకోవాలో లిస్టు ఇచ్చాం. మిగిలింది తలుపు. కిరాయి మిషన్‌కూ ఒక తాళం ఉంది, దాన్ని మనమే తీయాలి. తీశాను. అవతల సుకుమార్ మెయిల్ కొట్టాడు.

నల్లటి తెర మీద ఒక వరుస కదిలింది. ఆ తర్వాత డబ్బాలో ఒకే ఒక్క మెయిల్ మెరిసింది.

'అక్కా చాయ్ తాగినవా.'

షాపులో ఉన్నవాళ్లందరికీ నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాలేదు. భీమ్‌గల్ ధర్మయ్య తాత, మనవడి హాస్టల్ సీటు కోసం రోజూ మొదటి బస్సుకు వచ్చి కూర్చునేవాడు, భయపడి లేచి నిల్చున్నాడు.

"ఏమైంది బిడ్డా? నా మనుమనికి సీటు రాలేదా?"

"నీది గాదు తాతా. మెయిల్ లేచింది."

"లేస్తే మంచిదే గదా, ఏడ్తవేంది?"

గంట గడవకముందే ఆయన మనవడి సీటు మెయిల్ వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి చదివాను. ధర్మయ్య తాత బయటికి పోయి అందరికీ చాయ్ చెప్పాడు. కట్ట తెగిన కాలువలాగా మెయిళ్లు వచ్చి పడుతున్నాయి. బ్యాంకులవి, కాలేజీలవి, ఎవరో ఎప్పుడో అడిగిన గ్యాసు సంగతి. ఒక్కోటి వస్తున్నప్పుడల్లా పంపినవారి పేరు చూస్తున్నాను.

లేబర్ ఆఫీసుది రాలేదు.

ఆ రోజు రాలేదు. మరునాడూ రాలేదు.

"లాగ్ చూడక్కా," అన్నాడు సుకుమార్. "తలుపు కాడికి ఎవడొచ్చిండు, ఎవన్ని లోపలికి తోల్కపోయినం, ఎవన్ని ఎల్లగొట్టినం, అంతా రాసుంటది."

"ఎల్లగొట్టుడేంది? నేనెవల్ని ఎల్లగొట్టిన?"

"పేర్ల లిస్టు ఇచ్చినవ్ గదా? గా పేర్లు గాకుండ వేరేదొస్తే, గిసోంటోడు ఈడ లేడని చెప్పి పంపిస్తది. మంచిదే. లేకుంటె చెత్తంత వస్తది."

లాగ్ తెరిచాను.

మా జనం చేసిన పని అప్పుడు తెలిసింది నాకు. ఏది రాసినా సంధ్యక్క దగ్గరికే పోతుందని ఒకసారి తెలిశాక, ఎవరికి నచ్చింది వాళ్లు రాసుకున్నారు. నేను ఇచ్చిన పేర్లు గుర్తుంచుకుంది ఎవరు? మాక్లూర్ ముత్తెన్న తన ట్రాక్టర్ నంబరు రాసుకున్నాడు. ఇంకొకడు 'బబ్లు హీరో' అని రాసుకున్నాడు. ఒకరు ఏకంగా 'పోశవ్వతల్లి' పేరే పెట్టేశారు. పాత కంపెనీ ఏ పేరైనా కళ్లు మూసుకుని తీసుకునేది. నేను జాగ్రత్తగా లిస్టు పెట్టి, ట్రాక్టర్‌నీ హీరోనీ పోశవ్వనీ గుమ్మంలోనే ఆపేశాను.

కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోయాను. అక్కడుంది. పంపినవారు: లేబర్ ఆఫీసు. ఎవరికి: సాయిప్రసాద్ డాట్ నీలవ్వ. పక్కన నా మిషన్ చెప్పిన జవాబు: ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు.

నేను అతనికి 'సాయిప్రసాద్' అని ఒక్క పేరే పెట్టాను. అతను పక్కన వాళ్లమ్మ పేరు కలుపుకున్నాడు.

"సుకుమార్, వచ్చింది. ఎల్లగొట్టిన. మళ్ల వస్తదా?"

ఈసారి ఆవలింత వినిపించలేదు.

"రాదక్కా. తలుపు మూసి ఉంటెనే మళ్ల వస్తది. లేడని మొహమ్మీద చెప్తే ఎందుకొస్తది?"

కుర్చీలో వెనక్కి వాలాను. షాపు ముందర నుంచి పసుపు బస్తాల ట్రాలీలు పోతున్నాయి.

"అక్కా, ఉన్నవా? ముందుగాల లిస్టు తీసెయ్. ఏ పేరొచ్చినా తీస్కొమ్మని చెప్పు. తర్వాత గా ఆఫీసు సైటుల చూడు. జవాబు అందనోళ్లకు మళ్ల పంపుడు అని యాడనో ఓ బటన్ పెడ్తరు. నంబర్ ఉన్నది గదా నీ దగ్గర?"

లిస్టు తీసేశాను. సైటులో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ బటన్ ఉంది. దరఖాస్తు నంబరు కొట్టి నొక్కాను.

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

*

ఒకసారి చదివాను. ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదేమోనని మళ్లీ చదివాను. అర్థమయ్యేలాగే ఉంది.

ప్రింటు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే అవతలి ఫోను స్విచాఫ్. అప్పుడే అత్తమ్మ షాపులోకి వచ్చింది. బాయిలర్ పని అయిపోయినట్టుంది, చీర కుచ్చిళ్ల దాకా పసుపు మరకలు. మెయిల్ లేచిందని ధర్మయ్య తాత బస్టాండులో కనపడి చెప్పాడట.

"వచ్చిందా?"

"వచ్చింది."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. తర్వాత నేను ఊహించని పని చేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, వచ్చిన వాళ్లందరూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. షాపు పెట్టినప్పటి నుంచి ఆమె ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు.

"చదువు."

"అత్తమ్మా, ఇంటికి పోయినంక చెప్త."

"అందరికి ఎట్ల చదువుతవో గట్లనే చదువు."

చదివాను. "సాయిప్రసాద్, తండ్రి గంగారాం. ఇంటికి పోనీకి మీరు పెట్టుకున్న దరఖాస్తును మీరే వాపస్ తీసుకున్నరు. కొత్త కంపెనీకి మార్చమని మీ సంతకంతోని అడిగిండ్రు. మార్పుకు ఒప్పుకున్నం. కొత్త పని ఒప్పందం రెండేండ్లు. మీ పాత దరఖాస్తు ఇంతటితోని మూసేసినం."

బయట హమాలీలు ఎవరినో తిడుతూ నవ్వుకుంటున్నారు.

"మొత్తం చదివినవా?"

"మొత్తం."

"వాడే సంతకం పెట్టిండా?"

"ఆయనే."

"మళ్లొక్కపారి చదువు."

చదివాను. రెండోసారి చదవడం తేలికే, ఆశ ఉండదు కాబట్టి.

"జవాబు రాయి వాళ్లకు," అంది. "తల్లిని అడగలే, పెండ్లాన్ని అడగలే, ఎట్ల ఒప్పుకున్నరని రాయి."

"దీనికి జవాబు రాయరాదత్తమ్మా. వాళ్లు తీసుకోరు. కింద రాసిండ్రు. నా మెయిల్ గూడ ఇంక పంపదు, వచ్చింది తీసుకుంటది, గంతే."

"అంటే గాళ్లకు పంపుడే తెలుసు, మనకు తీసుకునుడే తెలుసు."

నవ్వొచ్చినట్టూ ఏడుపొచ్చినట్టూ కాకుండా ఏదో వచ్చింది నాకు. ఆమె లేచి, కుర్చీ మీద అంటుకున్న పసుపును కొంగుతో తుడిచి, ఇంటికి పోయింది.

*

రెండో రోజు సాయిప్రసాద్ ఫోన్ చేశాడు. కొత్త నంబరు. ఈసారి రెండు నిమిషాల తొందర లేదు.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

ఫోన్లో గాలి చప్పుడు. ఏసీ గాలి. క్యాంపులో ఏసీ లేదు.

"చెప్దామనే అనుకున్న. ఎప్పుడు ఫోన్ జేసినా నువ్వు గా మెయిల్ ముచ్చటే చెప్తుంటివి. ఇయ్యాల లేస్తది, రేపు లేస్తదని. ఎట్ల చెప్పాలె?"

"అదసలే లేవకపోతే మంచిగుండు."

"గట్లనకు."

"రావాలని లేదా నీకు?"

అవతల ఏసీ ఆపాడు.

"వచ్చి ఏం జెయ్యాలె సంధ్యా? షాపు నువ్వు నడుపుతున్నవ్. పసుపు అమ్మ నడుపుతున్నది. పోయినసారి వచ్చినప్పుడు చూసిన గదా, చుట్టాన్ని కూసోవెట్టినట్టు మంచంల కూసోవెట్టి చాయ్ ఇచ్చిండ్రు. ఏదన్న ముడితే, నీకెందుకు, నువ్వు అలసిపోయి వచ్చినవ్ అనిరి. ఇప్పుడు ఉత్త చేతులతోని వచ్చి గా మంచంల ఎన్నొద్దులు కూసోవాలె?"

ఇదంతా ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకున్నాడో. నిజమే, కూర్చోబెట్టాం. గౌరవమే అనుకున్నాం. నేను పసుపు చేతులతో, పచ్చబడ్డ కీబోర్డు ముందర కూర్చుని ఆ మాటలు విన్నాను.

"పని జెయ్యనీకి మనిషి దొర్కుతడు సాయీ. కైకిలి ఇస్తే వస్తరు. నాకు కొట్లాడనీకి మనిషి లేడు. పొద్దందాక మందికి చదివి చదివి ఇంటికొస్తే, నాకెట్లున్నదని అడిగేటోడు లేడు. గా పని నువ్వు జేస్తవని చూసిన."

"రెండేండ్లే."

"ఆఁ, రెండేండ్లే."

"అమ్మకు చెప్పినవా?"

"చదివి వినిపించిన."

"మొత్తమా?"

"మొత్తం."

అతను నిట్టూర్చాడు. ఎక్కువ అలసిపోయింది ఎవరో ఇద్దరికీ తేలలేదు. పెట్టేస్తానన్నాడు. పెట్టేయమన్నాను.

*

ఆ ఎండాకాలం పసుపు అమ్ముడుపోయాక కూడా మెయిల్ నడుస్తూనే ఉంది. పోశవ్వతల్లి పేరు మీద కరెంటు బిల్లు వస్తుంది, ట్రాక్టర్ నంబరు మీద కాలేజీ ఫీజు సంగతి వస్తుంది. లిస్టు లేకపోవడంతో ఊరూపేరూ లేని చెత్త కూడా వస్తుంది. రోజూ కూర్చుని ఏరి పారేస్తాను. సుకుమార్ ఇప్పుడు నిద్ర లేచాకే ఫోన్ ఎత్తుతున్నాడు.

మా ఇంట్లో చాలా పనులు సాయిప్రసాద్ రాక కోసం ఆగి ఉండేవి. ఇంటి పక్కన సగం లేచిన గది గోడ ఉంది. మూడేళ్లుగా అట్లాగే ఉంది, దాని మీద గడ్డి మొలిచి ఎండి మళ్లీ మొలిచింది. ఎవరైనా అడిగితే, వాడొచ్చినంక లేపుతాం అనేది అత్తమ్మ.

ఒక పొద్దున నేను షాపుకు బయలుదేరుతుంటే మేస్త్రి భూమేశ్వర్ దారం, తాపీ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. పిలిపించింది అత్తమ్మే.

"ఏందవ్వా, సాయన్న వస్తున్నడా? గోడ మొదలుపెట్టవడ్తిరి," అన్నాడు భూమేశ్వర్ హుషారుగా.

"రాడు."

"రాడా? మరి తలుపు ఎటు పెట్టాలె, కిటికీ ఎంత పెట్టాలె, అన్నను ఓ మాట అడిగితే మంచిదేమో. ఫోన్ కలుపుమంటవా?"

"వాన్ని ఎందుకడుగుతవ్ భూమేశు?" అంది అత్తమ్మ, ఇటుకల మీది గడ్డి పీకుతూ. "ఇండ్ల ఉండేటోళ్లను అడుగు."

అని నా వైపు చూసింది. భూమేశ్వర్ కూడా తలతిప్పి నా వైపు చూశాడు. ఇద్దరూ ఆగారు. నేను చెప్పులేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, ఒక కాలు గడప బయట పెట్టి ఉన్నాను.

"తలుపు రోడ్డు దిక్కు పెట్టు," అన్నాను.

భూమేశ్వర్ దారం లాగాడు.